ఇంకాస్త కష్టమైన లెక్క

ఒక్క ఏడాదిలో ఓ బడి మార్కులు అమాంతం పెరిగేసరికి, పిల్లలు కాపీ కొట్టారేమోనని రాష్ట్ర పరీక్షల శాఖకు అనుమానం వచ్చింది. నిజం తేల్చమని తనిఖీ అధికారిణిని పంపారు. ఆవిడ ఐదో తరగతిలోకి వెళ్లి, ఏ పుస్తకంలోనూ లేని లెక్క ఒకటి అప్పటికప్పుడు అల్లి బోర్డు మీద రాసింది. హెడ్మాస్టరు ఆందోళనగా తలుపు దగ్గర నిలబడ్డారు.

పిల్లలు చకచకా చేసేశారు. జవాబు అందరిదీ ఒకటే, చేసిన దారి మాత్రం ఎవరిది వాళ్లదే.

"ఇది మరీ తేలిక మేడమ్. ఇంకాస్త కష్టమైంది ఇవ్వండి," అంది ముందు బెంచీ పిల్ల.

ఆవిడకు హుషారొచ్చింది. ఇంకోటి ఇచ్చింది, ఆపైన మరోటి. తానల్లిన లెక్కలో తానే తడబడితే, పిల్లలు చుట్టూ మూగి విడమరిచి చెప్పారు.

"రిపోర్టులో ఏం రాస్తారు మేడమ్?" అని నసిగారు హెడ్మాస్టరు.

"మార్కులు నిజమైనవేనని రాస్తానండీ. కాపీ కొట్టాల్సి వస్తే, వీళ్ల దగ్గర నేనే కొట్టాలి," అంటూ ఆవిడ నవ్వుతూ సుద్దముక్క మళ్లీ అందుకుంది.