బండలాగుడులో పెద్ద గడియారం

"ఫోన్ జేబులో పెట్టు బొజ్జన్నా. ఈ చివరి జతకు టైము నేను చూస్తా," అన్నాడు హర్షవర్ధన్.

వేంపల్లె బండలాగుడు పందెంలో బహుమతులన్నీ ఈ కడప కాంట్రాక్టరువే. మైకు పట్టుకున్న బొజ్జన్న కాదనలేకపోయాడు.

హర్షవర్ధన్ మణికట్టు పైకెత్తి చూపించాడు. "వెనకటికి తారీఖు చూపే గడియారం వేరే, పందేల గడియారం వేరే. దొరలు రెండూ జేబుల్లో మోసేవాళ్లు. రెంటినీ కలిపి చేతికి పట్టేంత చేసేదానికి తరాలు పట్టింది. వారం, నెల, చంద్రుడు, స్టాప్‌వాచీ, అన్నీ దీంట్లోనే ఉండాయి. బ్యాటరీ లేదు, అంతా పళ్లచక్రాలే!"

"అన్నం గూడా వండుతాదా రెడ్డీ?" ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

అప్పటికి ముందున్నవి హర్షవర్ధన్ బావమరిది భూపేష్ ఎద్దులు. చివరి జత కోసిగి రైతు ఉరుకుందుది. ఒక్కో జతకు పది నిమిషాలు.

హర్షవర్ధన్ బొత్తాం నొక్కి విజిల్ ఊదాడు. ఎద్దులు మోకాళ్లు వంచి లాగాయి. బండ దుమ్ములేపుకుంటూ కదిలింది. భూపేష్ ఎద్దులు లాగిన దూరానికి గీసిన గీత దగ్గరపడుతోంది.

గడియారం చూసుకున్న హర్షవర్ధన్‌కు చెమట పట్టింది. స్టాప్‌వాచీ పెద్దముల్లు పన్నెండు దగ్గరే ఉంది. తిరుగుతున్నది ఎప్పుడూ తిరిగే చిన్న సెకన్ల ముల్లు. పై బొత్తాం బదులు కిందిది నొక్కాడు. మొదట్లో టైమెంతో చూసుకోనూ లేదు.

బొజ్జన్నను అడిగితే పరువు పోతుంది. పది నిమిషాలు అయ్యుంటాయని ఉజ్జాయింపుగా విజిల్ ఊదేశాడు.

బండ గీతకు జానెడు ఇవతల ఆగింది.

"బిరీన ఊదినాడు, ఇంకా టైముండాది!" జనంలో గొణుగుడు.

ఉరుకుందు ఎద్దుల నురగ తుడుస్తూ వారించాడు. "ఊరుకోండప్పా. అంత పెద్ద గడియారం తప్పు చెప్తాదా?"

ఆ మాట హర్షవర్ధన్‌కు గుచ్చుకుంది. బొజ్జన్న భూపేష్ పేరు చదవబోతుంటే మైకు లాక్కున్నాడు.

"తప్పు నాది. బొత్తాం తప్పు నొక్కినా. అందాజుగా ఊదినా."

"బావమరిది కోసం ఊదినావని చెప్పు!" జనంలోంచి కేక.

"అంత గడియారం కట్టినోనికి బొత్తాం తెలీదా? నాటకాలు!"

"ఒట్టు, నాకు తెలీదు!" అన్నాడు హర్షవర్ధన్. ఎవరూ నమ్మలేదు.

ఉరుకుందు ముందుకొచ్చి అతని ముఖంలోకి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "మోసం గాదప్పా. పాపం, ఆయప్పకు నిజంగానే దాన్ని చూసేది రాదు."

దొంగ అన్న మాటే నయమనిపించింది హర్షవర్ధన్‌కు.

బొజ్జన్న మైకు వెనక్కి తీసుకున్నాడు. "ఉరుకుందు జత రేపు పొద్దున మళ్లీ లాగుతాది. టైము ఫోన్లోనే."