మలుపు తిరిగితే దొర్లే చప్పుడు

మా వదిన గున్నెల్ ఆ ఏడు సొంతంగా సరుకు బండి నడపాలని పట్టుబట్టింది. మా ఓలండ్ దీవుల్లో ఆపిల్ తోటలు చిన్నవి. ఒక్కొక్కరి పంటకు లారీ ఎక్కువ, కారు తక్కువ. పెట్టెలను బళ్ళు ఎక్కించుకునే ఫెర్రీ పడవలో దాటించి పళ్ళరసం మిల్లుకు చేర్చే మధ్యరకం బండి ఉంటే చేతినిండా పనేనని ఆమె నమ్మకం. అన్న ఓడ మీద ఉంటాడు కాబట్టి, పాత డీజిల్ బండి చూసిపెట్టే పని నా మీద పడింది. ఓడ ఇంజన్ల దగ్గర జుట్టు నెరిసినవాణ్ణి, నా చెవికి తెలియకుండా ఏదీ దాగదని నాకూ కాస్త గర్వం ఉండేది.

మొదట ఒక ప్లంబరు వ్యాన్ చూశాం. పెద్దగా తిరగలేదు, తళతళలాడుతోంది. వదిన వంగి తలుపు కింది రేకును గోటితో గీకింది. పెయింటు చాటున రేకు పొడిపొడిగా రాలింది.

"పౌడరు రాసుకొచ్చిన పెళ్ళికొడుకు. పద రూనార్" అంది.

రెండోది ఆల్గోట్ అనే పెద్దాయన దగ్గర ఉంది. ఆయనే ఏళ్ళ తరబడి బడిపిల్లలను తిప్పిన మినీబస్సు. ఏటా అడుగున నూనె పూయించినందుకు తుప్పు దరి చేరలేదు. చలిలోనూ ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ నల్లగా లేదు, నీలంగానూ లేదు.

"ఒక సంగతి ముందే చెప్పాలమ్మా" అన్నాడు ఆల్గోట్, టోపీ నలుపుతూ. "మలుపు తిరిగితే చాలు, చప్పుడొస్తుంది. మెకానిక్కులు బేరింగులు కూడా మార్చారు. పోలేదు. అది విని వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు."

చర్చి పక్క మైదానంలో వదిన బండిని గుండ్రంగా తిప్పింది. వెనకనుంచి గరగరగర, ఆ పైన టక్.

"బేరింగే వదినా. వీళ్ళు సరిగ్గా మార్చలేదు. మనకొద్దు."

"బేరింగైతే చక్రం తిరిగినంతసేపూ మోగాలిగా? ఇది మలుపు మొదలయ్యాక కాస్త ఆగి లేస్తోంది, పరిగెత్తి ఎక్కడో కొట్టుకుని ఆగిపోతోంది. ఏదో దొర్లుతోంది."

"ఏం దొర్లుతుంది?"

"అదే కదా నాకూ కావాలి! నువ్వెళ్ళి వెనక పడుకో."

"నేనా?"

"మరి నన్ను స్టీరింగు వదిలేసి పడుకోమంటావా?"

ఈ వయసులో సీట్ల మధ్య బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాను. చివరి వరస సీట్ల కింద మెట్టులా ఎత్తుగా కట్టిన రేకు పెట్టె ఉంది. ఆమె తిప్పినప్పుడు చప్పుడు ఆ పెట్టెలో ఈ మూలనుంచి ఆ మూలకు పోయింది. ఇటు తిప్పితే ఇటు వచ్చింది. నాకు నవ్వాగలేదు. చక్రానికీ దానికీ సంబంధమే లేదు.

సంగతి వినగానే ఆల్గోట్ కళ్ళు మెరిశాయి. "ధర తగ్గిస్తాను. ఒకటే షరతు. అది విప్పే రోజు నన్ను పిలవాలి. ఇన్నేళ్ళు నా బుర్ర తినేసింది."

బండి కొని ఇంటికి తెచ్చాక, పిలవగానే నల్ల రొట్టె, పొగబెట్టిన చేప పట్టుకుని వచ్చాడు. మా కొట్టంలో పగలంతా సీట్లు విప్పడానికే సరిపోయింది. బిగుసుకుపోయిన బోల్టులను మంటతో వేడిచేసి తిప్పాల్సి వచ్చింది. ఆల్గోట్ ఒక చోట నిలవలేదు. "ఇక ఆ పెట్టె విప్పండయ్యా" అని నస.

రివెట్లు తీసి రేకు ఎత్తాం. లోపల అడుగంతా చిన్న కుంకుడుకాయలంత హేజెల్ గింజలు. ఏళ్ళ తరబడి దొర్లి దొర్లి వాటి పెంకులు నున్నబడి, పాలిష్ పట్టిన పూసల్లా మెరుస్తున్నాయి.

"ఎలుక పని" అన్నాను.

"ఒక్క దానికీ పంటిగాటు లేదే!" అంది వదిన. ఆమె వేలు రేకు అంచున తిరుగుతూ బొటనవేలంత కన్నం దగ్గర ఆగింది. అక్కడ సీటు బెల్టు బోల్టు ఎప్పుడో ఊడిపోయింది.

ఆల్గోట్ కన్నాన్ని చూశాడు, కిటికీని చూశాడు. "ఆ మూల దీసా కూచునేది. మా ఫెర్రీలో పనిచేస్తుంది చూడు, ఆ పిల్ల" అని అప్పటికప్పుడే ఫోన్ చేశాడు.

అవతల దీసా నవ్వు కొట్టమంతా వినిపించింది. "అయ్యో తాతా, అవింకా ఉన్నాయా? మా తమ్ముడికి గింజలు పడేవి కావు, గొంతు వాచిపోయేది. ఇంట్లోకి ఒక్కటి కూడా తేకూడదు. బడి వెనక ఏరుకున్నవన్నీ దిగేలోపు వదిలించుకోవాలి."

"తినేస్తే పోయేది కదే!"

"చేతులు వాసన చూసి అమ్మ పట్టేసేది. ఆ కన్నం రోడ్డు మీదకే పోతుందనుకున్నా. దారి పొడుగునా చెట్లు నాటుతున్నానని సంబరం. వసంతం వచ్చిందంటే మొలకల కోసం కిటికీలోంచి చూసుకునేదాన్ని. రోడ్డు పక్కన మొలిచిన రెండు పొదలు నావేనని అందరికీ చెప్పాను కూడా."

"అదా సంగతి! రోజూ అద్దానికి ముక్కు ఆనించి ఏం చూస్తుందీ పిల్ల అని తెగ అనుకునేవాణ్ణి" అన్నాడు ఆల్గోట్. ఒక చప్పుడు వెతుక్కుంటూ వచ్చినవాడికి ఇంకో ముడి కూడా విడిపోయినట్టుంది, చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు.

తర్వాత పని చకచకా సాగింది. కన్నాలన్నీ పూడ్చి, నేలకు ప్లైవుడ్ పరిచాం. పెట్టెలు కట్టడానికి కొక్కేలు బిగించాం. సరుకు డ్రైవరు మీద పడకుండా మధ్యలో ఇనుప జాలీ నిలబెట్టి, వెనక కిటికీలకు రేకులు కొట్టాం. తనిఖీ అధికారి కొక్కేలను ఒక్కొక్కటీ గుంజి చూసి, సరుకు బండిగా రాసిచ్చాడు.

సెప్టెంబరులో మొదటి లోడు ఎత్తాం. ఫెర్రీలో దీసా మమ్మల్ని చెయ్యూపి వరసలో నిలబెట్టి, వెనక తలుపు తీయించి చూసింది. ఆపిల్ వాసన గుప్పుమంది. వదిన ఇచ్చిన ఆ పాత గింజల్లో ఒకటి దీసా పగలగొడితే లోపల నల్లటి పొడి.

"ఆ రెండు పొదలూ ఎక్కడే?" అని అడిగింది వదిన.

ఫెర్రీ దిగాక దీసా చెప్పిన చోట ఆపాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒకటి పోయిందట. రెండోది బండి కంటే ఎత్తుగా ఎదిగి, కాయలతో ఉంది.

"ఇది ఆ పిల్ల నాటిందేనంటావా?"

"అవన్నీ పెట్టెలోనే ఉండిపోయాయిగా వదినా. ఏ పక్షో వేసుంటుంది."

"ఒక్కటైనా చేజారి కిటికీలోంచి పడి ఉండకూడదా?"

తెలియదన్నాను. వదిన రోడ్డు పక్క కాలవలోకి దిగి పొద మొదలు చుట్టూ తిరిగి చూసింది. మిల్లు మూసే వేళవుతోందని నేనే తొందరపెట్టి బయలుదేరదీశాను.