మూడు ఆసులు

చెవి గోక్కుంటున్నాడు, అంటే చేతిలో ఏమీ లేనట్టే, ఇన్నేళ్ళలో ట్రెగేర్ చెవి ఒక్కసారీ అబద్ధమాడలేదు, బ్యూట్ ఊళ్ళో ఈ బారు వెనకగదికి డెల్మా రోజూ పేకాటకు వచ్చేది ఆ చెవిని నమ్ముకునే, ఇప్పుడతను పందెం బిళ్ళలన్నీ బల్ల మధ్యకు తోసేసి, ఏం డెల్మా, చెమట పడుతోందా, అంటున్నాడు, చెమట కాదు ముసలోడా, నువ్వు తిన్న ఉల్లిపాయల కంపుకి కళ్ళు మండుతున్నాయి, అందామె, బల్ల చుట్టూ నవ్వులు, ఆమె చేతిలో మూడు ఆసులు, పందేనికి సరే అంటే చాలు, అతని బిళ్ళలన్నీ ఆమెవే, పందెం హద్దు ఎత్తేద్దామని ఇవాళ గొడవ చేసింది అతనే, ఎన్నాళ్ళీ పిల్లలాట అన్నాడు, ఆ పిల్లలాటే ఆమెకు తిండి పెట్టింది, పందేనికి హద్దుంటే ఎంత నేర్పున్నా గెలుపు బొట్లు బొట్లుగానే వస్తుంది, నడుమ నడుమ అదృష్టం ట్రెగేర్ లాంటివాళ్ళను కూడా గెలిపిస్తుంది, ఆ ఒక్క సాయంత్రాన్ని చప్పరించుకుంటూ నెల్లాళ్ళు ఓడిపోవడానికి వస్తారు, ఎదుటి బారులో ఆడే కాల్విన్‌కి ఈ ఓపిక లేకపోయింది, హద్దు తీసేసి ఒక్క చలికాలంలో అందర్నీ ఊడ్చేశాడు, ఇప్పుడు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే ముక్కలు కలుపుకుంటున్నాడు, మూర్ఖుడు.

నిన్న లాండ్రీ ముందు మంచులో ట్రెగేర్ పెళ్ళాం ఆర్లీన్ డెల్మా చెయ్యి పట్టుకుంది, ఒక్కరోజు ఉత్త చేతుల్తో ఇంటికొస్తే పేక ముట్టనని ఒట్టేశాడమ్మా, నువ్వేమో ఎప్పుడూ కాస్త మిగిల్చి పంపుతావు, ఒక్కసారి ఊడ్చెయ్యి తల్లీ, తెచ్చింది పోతే పోనీ, ఇల్లన్నా దక్కుతుంది, చూస్తాలే అంది డెల్మా, ఆర్లీన్ చెయ్యి మంచుకంటే చల్లగా ఉంది.

ఇంకా ఆలోచనేనా, రాత్రికి పక్కెయ్యమంటావా, అన్నాడు ట్రెగేర్, చెవి ఎర్రగా కందిపోయింది, ఆమె మూడు ఆసుల్నీ బోర్లించి పడేసింది, నీ ముందు నిలబడలేను బాబూ, అంది, అతను ఎగిరి గంతేసి తన చెత్త ముక్కలు అందరికీ తిప్పి చూపించాడు, బెదిరించాను చూశారా, డెల్మానే బెదిరించాను, ఆ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది, రేపు మళ్ళీ హద్దు ఆటేనా, అందామె వణుకుతున్నట్టు నటిస్తూ, నువ్వు భయపడితే అలాగే, రాకుండా ఎక్కడికి పోతాను, అన్నాడు.

బిళ్ళలు ఏరుకుంటున్న ఆ చేతుల్ని చూస్తుంటే ఎందుకో కాల్విన్ ఊడ్చేసినవాళ్ళు గుర్తొచ్చారు, వాళ్ళంతా పేక మానేసి ఏటి ఒడ్డున చేపలు పడుతున్నారు, ఒకడైతే పిలిచి మరీ ఆమెకు చేప ఇచ్చాడు, కాల్విన్ వాళ్ళ డబ్బు తీసుకుని వాళ్ళను వదిలేశాడు, తాను ట్రెగేర్‌ను వదలదు, ఆ ఇల్లు కూడా ఈ బల్ల మీదకు వచ్చేదాకా.