కుడి పక్క మసక

చిత్తూరులో కోర్టుల వెనక వీధిలో ఉన్న ఆ సినిమా హాలుకు ఒకటే ప్రొజెక్టరు. రీలు అయిపోయిన ప్రతిసారీ లైట్లు వేసేవారు. ఇంకో రీలు ఎక్కించేదాకా జనం బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవారు. ఆ మిషన్‌ను పంతొమ్మిదేళ్ళుగా నడుపుతున్నది చెంగయ్య. ఆయన కింద ధనంజయ అసిస్టెంటుగా చేరి ఎనిమిదేళ్ళయింది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి.

డెబ్బై ఎనిమిది వేసవిలో బొమ్మ చెడింది. తెరమీద ఎడమ పక్క మొహాలు శుభ్రంగా కనిపించేవి. కుడి పక్కకు వచ్చేసరికి నీళ్ళలో చూసినట్టు చెదిరిపోయేవి. చెంగయ్య లెన్సు మర తిప్పి కుడి పక్కను సరిచేస్తే, ఎడమ పక్క మసకబారేది. ఆటంతా ఆయన చెయ్యి ఆ మర మీదే ఉండేది. హాల్లో ఈ పక్కవాళ్ళు కాసేపు, ఆ పక్కవాళ్ళు కాసేపు అరిచేవారు.

చెంగయ్య లెన్సు విప్పి మెత్తటి గుడ్డతో తుడిచి బిగించాడు. మార్పు లేదు. ఫిలిం దిగే గేటును ఊడదీసి చూడాలని, ఒక పూట ఆట ఆపమని యజమాని బాలసుబ్రమణ్యాన్ని అడిగాడు. అది మామిడికాయల కాలం. మండీలకు వచ్చిన రైతులతో హాలు నిండుతోంది. యజమాని ఒప్పుకోలేదు. పైగా ధనంజయను పక్కకు పిలిచాడు.

"తప్పు యాడుండాది? మిషన్లోనా, మనిషిలోనా?"

ధనంజయకు తెలియదు. తెలియదని చెప్పి ఊరుకోవచ్చు.

"అన్నకు కండ్లు సరిగ్గా ఆనడం లేదు సార్. ఇన్నేండ్లు మిషన్లో మండే ఆ కార్బన్ కడ్డీల వెలుగు చూసినాడు గదా," అన్నాడు.

అది అబద్ధమని అతనికి అనిపించలేదు. చెంగయ్య కళ్ళు చికిలించి తెరవైపు చూడడం రోజూ చూస్తున్నాడు. మసకగా ఉన్నదాన్ని ఎవరైనా అలాగే చూస్తారని ఆ పూట తోచలేదు. ఆపరేటరు పని తనకు వస్తుందన్నది మాత్రం తోచింది.

వారం తిరక్కుండానే చెంగయ్యను పని మానిపించారు. ఆయన గొడవపడలేదు. మిషన్ గది మెట్లు దిగబోతూ ధనంజయ భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకే తెలవకుండా కండ్లు పోయినాయేమో అబ్బా. నువ్వు జాగ్రత్తగా చూసుకో."

ఆయనకు పిల్లలు లేరు. భార్య నాగులమ్మ పుట్టిల్లు పులికాటు సరస్సు ఒడ్డున ఒక పల్లె. ఇద్దరూ అక్కడికి వెళ్ళిపోయారు.

మిషన్ ధనంజయ చేతికి వచ్చాక కూడా మసక పోలేదు. యజమాని మద్రాసు నుంచి కొత్త లెన్సు తెప్పించాడు. అయినా అదే తీరు. ధనంజయ ఆ లెన్సును దాని గూట్లోనే సగం చుట్టు తిప్పి చూశాడు. లోపం లెన్సుదైతే మసక ఎడమకు మారాలి. మారలేదు.

మరుసటి ఏడు హాలుకు సున్నం కొట్టడానికి నాలుగు రోజులు ఆటలు ఆపారు. అప్పుడు గేటు విప్పాడు. ఫిలిం అంచులు ఆనుకొని జారే లోహపు పట్టీలు అందులో రెండుంటాయి. వాటి మీద అడ్డంగా స్టీలు స్కేలు నిలబెట్టి, వెనక నుంచి టార్చి వేశాడు. కుడి పట్టీకి స్కేలు అతుక్కొని ఉంది. ఎడమ పట్టీ దగ్గర సన్నటి వెలుగు గీత. ఆ పట్టీ అరిగి పల్లమైంది. ఫిలిం ఒక పక్కకు వాలి నడుస్తోంది. గేటులో బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా ఉంటుంది కనక, అక్కడి ఎడమ తెరమీద కుడి అవుతుంది.

పట్టీ మీద గీతలు కనిపించాయి. అవి ఎలా పడ్డాయో అతనొక్కడికే తెలుసు. కొత్త ప్రింట్లు నడిపితే ఫిలిం మీది పూత పట్టీలకు అంటుకొని గట్టిపడుతుంది. దాన్ని వెదురు పుల్లతోనే తీయాలని, ఇనుము తగలనివ్వకూడదని చెంగయ్య ఎప్పుడూ చెప్పేవాడు. బొమ్మ చెడడానికి ముందటి దీపావళికి చెంగయ్య జ్వరంతో రాలేదు. ఆటకు వేళ మించిపోతోందని ధనంజయ ఆ పట్టీని కత్తితో గీకాడు. పైనున్న నునుపు లేచిపోయాక పట్టీ లోపల్లోపల అరుగుతూ వచ్చింది.

అతను యజమానికి దాచకుండా చెప్పాడు.

"అయితే చెంగయ్య కండ్లు?"

"బాగానే ఉండాయి సార్. నేనే తప్పు చెప్పినాను."

"గేటు మార్చినాక పోయి పిల్సుకొని రా," అన్నాడు బాలసుబ్రమణ్యం.

కొత్త గేటు బిగించాక ధనంజయ తిరుపతి మీదుగా సూళ్ళూరుపేటకు వెళ్ళి, అక్కడి నుంచి నడిచాడు. ఒడ్డున తాటాకు పందిట్లో ఒక మనిషి రొయ్యలు ఏరుతున్నాడు.

"ధనంజయా, రా అబ్బా," అని ఆ మనిషి దూరం నుంచే పిలిచాడు.

ధనంజయ పందిట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. "వొదిన యాడ అన్నా?"

"పోయింది. నాలుగు నెలలాయ. కామెర్లు."

ధనంజయ చెప్పాలని వచ్చినవి ఒక్కొక్కటే చెప్పాడు. కత్తి సంగతి, యజమానితో తానన్న మాట, వెలుగు గీత. చెంగయ్య పెద్ద రొయ్యలు ఒక గంపలోకి, చిన్నవి ఇంకో గంపలోకి వేస్తూనే విన్నాడు.

"గేటు మార్చినారా?"

"మార్చినాము."

"బొమ్మ ఎట్లుండాది?"

"ఆ మూల నుంచి ఈ మూల దాకా సరిగ్గా ఉండాది."

"అదీ సరే," అని చెంగయ్య చేతులు కడుక్కున్నాడు.

"నా కండ్లు బాగుండాయని ఈడికొచ్చిన నెలకే నాకు తెలిసిపోయింది. సరస్సు నడిమిట్లో పోయే పడవలో ఎవురుండేదీ చెప్తా ఉంటి. మీ వొదిన నమ్మలేదు. తన బాధ సూడలేక, ముందే ఎవురినో అడిగిపెట్టుకొని చెప్తా ఉండానని అనుకునింది. చేపకు ముండ్లు తీసి పెట్టేది. సందేళైతే గుడిసె దాటనిచ్చేది కాదు. నేనూ ఊరికే ఉండిపోయినాను. పోయే ముందు రోజు వాళ్ళన్న మునిరత్నం చెయ్యి పట్టుకొని, ఈయనకు కండ్లు లేవు, ఇంత కూడు పెట్టన్నా అని అడిగింది. నేను పక్కనే ఉండాను."

ధనంజయ చిన్న రొయ్యల గంపను దగ్గరకు లాక్కున్నాడు.

"నాలుగు నెలలు ముందొచ్చింటే, నువ్వు చెప్తే ఆమె నమ్మిండును," అన్నాడు చెంగయ్య. గొంతులో కోపం లేదు.

"నీ పని నీకిస్తామని సార్ అన్నాడు. రా అన్నా."

"వద్దులే. ఆ గదిలో కూర్చుంటే, మద్యాన్నం ఆమె క్యారియరు తెచ్చే టయానికి మెట్ల పక్కే చూస్తాను. రీలు అయిపోయినా తెలవదు నాకు."

ఆ పూట ఆయనే వండి పెట్టాడు. ధనంజయ తిన్నాడు.

తర్వాత రెండేళ్ళు వరసగా వెళ్ళి చూసి వచ్చాడు. మూడో ఏడు వెళ్ళేసరికి పందిట్లో మునిరత్నం ఉన్నాడు. వానల్లో జ్వరమొచ్చి చెంగయ్య చనిపోయాడని, నాగులమ్మ పక్కనే పూడ్చామని చెప్పాడు.

"ఉత్తరం రాద్దామంటే మీ అడ్రసు ఎవురికీ తెలవదబ్బా."

ధనంజయ ఆ సమాధుల దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చున్నాడు. మధ్యాహ్నం బస్సుకు తిరిగివచ్చి, మర్నాడు మ్యాట్నీకి పనిలోకి వెళ్ళాడు.