మునగని గుడ్డ

పూతలపట్టు ధర్మేంద్ర నీళ్లలోకి దూకాడంటే ఇంక ఎవరికీ అందేవాడు కాదు. సేద్యపు బావిలో నేర్చుకున్న ఈత అతన్ని జాతీయ పోటీల దాకా తీసుకుపోయి, రెండు చేతులూ ఒక్కసారిగా లేపి ఈదే బటర్‌ఫ్లైలో బంగారు పతకం ఇప్పించింది. ఆ మరుసటేడే, తొంభై అయిదులో, కుడి భుజం దెబ్బతినింది. మద్రాసు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక పోటీలు మానుకోమన్నాడు. ధర్మేంద్ర తలూపి బయటికొచ్చాడు. ఇంట్లో మాత్రం “ఈ యేడు రెస్టు తీసుకోమన్నారు” అని చెప్పాడు. ఆ యేడు పోయింది, ఇంకో యేడూ పోయింది. మళ్లీ ఎప్పుడు దిగుతావని ఎవరడిగినా “సూస్తామప్పా” అనేవాడు.

పెళ్లయ్యాక తిరుపతిలో ఒక ఈతకొలనులో కోచ్‌గా చేరాడు. గట్టు మీద నిలబడే నేర్పించేవాడు. పొద్దున ఒక గంట ఆడవాళ్లకని ఉండేది గానీ, వచ్చినవాళ్లు అంచున కూర్చుని కాళ్లు తడుపుకుని వెళ్లిపోయేవాళ్లు. ఎందుకలా అని భార్య రేవతిని అడిగితే ఆమె నవ్వింది.

“నీళ్లంటే బయం కాదబ్బా. ఆ చిన్న గుడ్డలేసుకోని నలుగుర్లో యాడ నిలబడేది?”

“చీరతో దిగితే మునిగిపోతావే!”

“అయితే మునగని గుడ్డ కుట్టియ్యి. సాంపియన్‌వి గదా.”

ఆమె ఎగతాళికే అనింది. అతనికి మాత్రం రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు తిరుప్పూరు బస్సెక్కి, సాగే గుడ్డ రకరకాలు తెచ్చాడు. ఏది నీళ్లు తాగి బరువెక్కుతుందో, ఏది ఒంటిని వెనక్కి లాగుతుందో అతను ముట్టుకునే చెప్పేవాడు. రేవతి ఇంట్లో రవికెలు కుట్టే మిషను మీదే కుట్టింది. మొదటిది వేసుకుని దిగితే గాలి చేరి వీపు మీద పూరీలా పొంగింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. రెండోది చంకల్లో పట్టేసింది. ఆ తర్వాతది మణికట్టు దాకా, చీలమండ దాకా ఒంటికి అతుక్కుని కుదిరింది. అది వేసుకునే రేవతి ఈత నేర్చుకుంది.

ఆ గట్టు మీద రోజూ కాళ్లు తడుపుకునే ప్రసన్నకుమారి టీచరు “నాకూ ఒకటి కుట్టు రేవతీ” అని అడిగింది. ఆమెను చూసి ఆమె స్కూలువాళ్లు అడిగారు. చిత్తూరు, నెల్లూరు, మద్రాసు కొలనుల నుంచి కబుర్లొచ్చాయి. హైదరాబాదు షాపుల వాళ్లు మొదట “ఇది ఈతకా, పేరంటానికా?” అని వెక్కిరించారు, మరుసటి వేసవికి వాళ్లే ఫోన్లు చేశారు. ధర్మేంద్ర కోచ్ పని వదిలేసి రేణిగుంటలో షెడ్డు తీసుకున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు మిషన్ల ముందు కూర్చున్నారు.

షెడ్డు నిలదొక్కుకున్నాక, కొలనుకు సెలవైన ఒక పొద్దున, రేవతి అతన్ని అక్కడికి తీసుకుపోయింది.

“నాతో పందెం కట్టు. నువ్వు ఈదేది నేను ఒక్కసారన్నా సూడలేదు.”

కాదనలేక దిగాడు. రెండు బారలు వేశాడు. మూడోసారి కుడిచెయ్యి నీళ్లలోంచి లేవలేదు. పక్కకు తిరిగి, ఒంటిచేత్తో నీళ్లు తోసుకుంటూ పోయేసరికి రేవతి అవతలి గట్టు పట్టుకుని రొప్పుతోంది.

“కావాల్నే ఓడిపోయినావు” అనింది కోపంగా.

“లేదు మే. సెయ్యి లేయలా.” ఎడమచేత్తో కుడి భుజం పట్టుకున్నాడు. “ఇంక లేయదు. డాక్టరు ఆ పొద్దే సెప్పేసినాడు. నేనే ఎవురికీ సెప్పలా.”

రేవతి గట్టు వదిలి అతని వైపు తిరిగింది.

“దినామూ సొక్కా తొడుక్కునేటప్పుడు సూస్తానే ఉండా” అనింది. “నువ్వే సెప్తావులే అని ఊరుకున్నా.”

దగ్గరికొచ్చి ఆ భుజం కింద అరచెయ్యి పెట్టింది.

“ఎల్లకిలా పడుకో. నేను పట్టుకుంటా.”

ధర్మేంద్ర ఒళ్లు వదిలేశాడు. చెవులు నీళ్లలో మునిగాయి. పైన రేవతి పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. కళ్లు మూసుకున్నాడు.