నూర్ బీ చూపుడువేలు

నూర్ బీ కిటికీకి నీలం దుప్పటి కట్టి, తలుపు బందులకు ఆముదం రాసింది. గుర్రపువాతంతో ఫిట్స్ వచ్చిన గర్భిణికి వెలుతురు పడదు, చప్పుడు పడదు. ఆదోనిలోని ఆ కాన్పుల ఆసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె ఆయా.

మంచం మీద ముత్తమ్మ, కోసిగి మనిషి, తొలిచూలు. ఎనిమిదో నెల. మొహం నీరుపట్టి కళ్ళు గీతల్లా ఉన్నాయి. పొద్దున పత్తిచేని గట్టున పడి కొట్టుకుందట. బస్సులో ఇంకోసారి.

మొగుడు ఉచ్చీరప్ప గబగబా వచ్చి ఇంటి తాళంచెవిని భార్య పిడికిట్లో కుక్కాడు.

"ఇనుము వద్దప్పా. బిగబట్టిందంటే అరచెయ్యి కోసుకుంటాది," గొంతు తగ్గించి అంది నూర్ బీ.

"మా అవ్వ సెప్పినాది బూబమ్మా. యాదో ఒగటి పట్టుకోవల్ల గదా!"

"నా ఏలుంది, పట్టుకోనీ."

"నీ ఏలు ఇనుమా?"

"ఇన్నేండ్లు గచ్చు కడిగిన ఏలప్పా. ఇనుమే."

తాళంచెవి తీసి, తన చూపుడువేలు ఆ పిడికిట్లో ఉంచింది.

డాక్టర్ కృష్ణాబాయి ఇంజక్షన్ ఇచ్చింది. "ఫిట్స్ ఆగితేనే కాన్పు. ఆగకపోతే ఇద్దరూ దక్కరు," అంది.

పగలు పదకొండు గంటలకు వేలి మీద పట్టు సన్నగా వణికింది. ముత్తమ్మ మొహంలో ఇంకా ఏ మార్పూ లేదు.

"అమ్మా, వస్తాండాది."

డాక్టరు ఎలా తెలుసని అడగలేదు. ఆ వేలు ముందే పసిగట్టడం ఆమె చాలాసార్లు చూసింది. సూది సిద్ధం చేసి, ముత్తమ్మను ఎడమపక్కకు తిప్పింది. ఒళ్ళు విల్లులా వంగింది, ఎగిరింది, చివరికి సద్దుమణిగింది. నూర్ బీ వేలు కమిలి నల్లబడింది. డాక్టరు ఫ్లాస్కు మూతలో టీ పోసి, తానే ఆమె నోటికి అందించింది.

ఫిట్స్ మళ్ళీ రాలేదు. ఒంటిగంట, రెండు. పిడికిలి మెల్లమెల్లగా మెత్తబడింది, కానీ వదల్లేదు. మూడున్నరకు డాక్టరు బిడ్డను తీసింది. ఆడపిల్ల, దోసెడంత. పిల్లికూన గొంతుతో ఏడ్చింది. అంత వణుకులో ఆ ప్రాణం దేన్ని పట్టుకుని నిలిచిందో! నూర్ బీకి ఒళ్ళు జలదరించింది. ఎన్ని వందల కాన్పులు చూసినా ఆ క్షణం ఆమెకు ఎప్పుడూ అంతే.

అయిదు దాటాక ముత్తమ్మ కళ్ళు తెరిచింది. వేలు వదిలింది.

"నువ్వెవురు?"

గుర్రపువాతం నుంచి బయటపడ్డవాళ్ళకు ఏదీ గుర్తుండదు.

"ఈడ గచ్చు కడిగేదాన్నిలేమ్మా. కూతురు పుట్టినాది, సూడు."

రాత్రి డ్యూటీకి వచ్చిన ఆయా తిమ్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇంకా ఈడే ఉండావా బూబమ్మా? నీకు దండెయ్యల్లని ఆఫీసులో నాలుగ్గంటల నుంచి కాసుకోని కాసుకోని పెద్దసారు ఇంటికి పోయినాడు. రిటైరైనాక గూడా జీతమిస్తారనుకుంటివా?"

"ఈ పిల్ల ఇడిస్తే గదా నేనొచ్చేది," అని నవ్వింది నూర్ బీ.

ఎమ్మిగనూరులో కూతురింటికి బస్సు ఆరింటికి. ముత్తమ్మ దుప్పటి సర్ది, ఎడమచేత్తో సంచి పట్టుకుని, వెనక గేటు నుంచి వెళ్ళిపోయింది.

ఆఫీసు గదిలో కుర్చీ మీద, తడిగుడ్డలో చుట్టిన చేమంతుల దండ ముడి విప్పకుండా అలాగే ఉంది.