కిటికీలోంచి కేబుల్

“కేబుల్ ఇవ్వు” అని బయట నుంచి మా ఆయన గొంతు వినపడగానే, సగం మడతపెట్టిన దుప్పటి మంచం మీద పడేసి ల్యాప్‌టాప్ తెరిచాను. కేబుల్ ఒక కొన నా దగ్గర, రెండో కొన కిటికీ ఊచల మధ్య నుంచి ఆయన చేతిలోకి. గోడ అవతల మా మెకానిక్ షెడ్డు. ఆయన ఆ కొనని బండి సీటు కింద సాకెట్‌లో గుచ్చుతాడు. బండిలో ఏ భాగం మొరాయించిందో నా తెర మీద పడుతుంది. కర్టెన్ చాటు నుంచి మెల్లగా చెబుతాను. అప్పుడాయన ఇంజన్‌కి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపాగి, నేను చెప్పిందే పైకి చెబుతాడు. ఆ చెవికి ఊళ్ళో మంచి పేరుంది.

పెళ్ళికి ముందు ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని చేసేదాన్ని. ఈ కేబుల్ కొనమన్నదీ, దాని ప్రోగ్రాం ఎక్కించిందీ నేనే. షెడ్డులో బల్ల వేసుకుని కూర్చుంటానంటే, “వచ్చేపోయే మగాళ్ళ మధ్య నువ్వెందుకు? లోపలైతే ల్యాప్‌టాప్‌కి దుమ్ము కూడా పట్టదు” అన్నాడు మా ఆయన. “పొయ్యి మీద ఓ కన్నేసినట్టూ ఉంటుంది” అంది అత్తయ్య. దుమ్ము పట్టకూడని వస్తువుల్లో అలా నేనూ చేరాను. పని మాత్రం నాకు ఇష్టం. తెర మీద అంకెలు కదులుతుంటే బండి నాతో కబుర్లాడుతున్నట్టే ఉంటుంది. ఉన్న కోరికల్లా ఒక్కటే. ఆ బండి పక్కన నిలబడి, చెప్పాల్సింది నా నోటితో నేనే చెప్పాలి.

ఆ రోజు వచ్చింది ఆసుపత్రి నర్సమ్మ. నడుస్తూ నడుస్తూ బండి ఆగిపోతోందని ఇప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళింది. మా ఆయన ఒకసారి బ్యాటరీ మార్చాడు, ఇంకోసారి ప్లగ్గు. ప్రతిసారీ నా తెర తప్పేమీ లేదనే చెప్పింది. ప్రతిసారీ ఆయన మెయిన్ రోడ్డు మీద ఓ చుట్టు కొట్టొచ్చి, బ్రహ్మాండంగా ఉందనే అన్నాడు.

ఈసారీ తెర ఖాళీయే. ఏమీ లేదన్నాను. ఆయన చెవి ఆనించి లేచాడు.

“బండి బానే ఉంది మేడమ్. మీరు క్లచ్ వదిలే తీరులోనే ఉంది. ఇంత బరువు బండి మీకెందుకు చెప్పండి? అమ్మేసి చిన్న స్కూటర్ తీసుకోండి.”

“నిన్న మా ఇంటి దగ్గర మలుపు తిరుగుతుంటే ఆగింది. వెనక వ్యానతను బ్రేకు కొట్టబట్టి ఇవాళ డ్యూటీకి వెళ్తున్నా, లేకపోతే పేషెంటుగా వెళ్ళేదాన్ని” అందామె. బండి సీటు మీద చెయ్యి వేసి, “సరే, అమ్మేస్తా. కొనేవాళ్ళుంటే చెప్పండి” అంది.

ఆ ‘సరే’ నాకు బాగా తెలుసు. “రోజంతా ఇంట్లోనే ఉంటావుగా, ఈ మాత్రం చెయ్యలేవా” అని విన్నప్పుడల్లా నా నోట్లోంచి వచ్చేదీ అదే. ఉన్నమాట చెప్పినా తప్పు తిరిగి తిరిగి మన మీదకే వచ్చినప్పుడు, వాదించే ఓపిక చాలక అనే ‘సరే’. నాకైతే అలవాటైపోయింది. ఈమె మాత్రం ఇష్టంగా నడుపుకునే బండిని ఆ ఒక్క మాటతో వదిలేస్తోంది. తిరుగుతుంటే ఆగింది అంది కదా, ఏ వైపు తిరుగుతుంటే? ఎవరూ అడగలేదు. కస్టమర్ చెప్పేదాంట్లో సగం నమ్మాలి, ఆడవాళ్ళయితే పావు అనేది మా ఆయన సిద్ధాంతం.

కర్టెన్ పక్కకి లాగాను. “ఏ వైపు తిరుగుతుంటే అండీ?”

బయట ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కిటికీ మాట్లాడటం నర్సమ్మ ఎప్పుడూ వినలేదు.

“ఎడమకి” అంది తేరుకుని. “హ్యాండిల్ పూర్తిగా తిప్పితే గానీ బండి మా గేట్లో పట్టదు.”

బండి వైపు చూశాను. ఎడమ పక్కంతా గోడ. నేను బయటికి రాకుండా కేబుల్ అందాలని ప్రతి బండినీ ఇలా గోడకి ఆనించే పెడతాం. కాబట్టి ఇక్కడ ఏ బండి హ్యాండిలూ ఎడమకి పూర్తిగా తిరగదు. మెయిన్ రోడ్డు మీద అంత తిప్పే పనే పడదు. ఇన్నాళ్ళ మా పరీక్షలో ఆ వైపే లేదు.

“బండి ఇవతలికి తియ్యాలి” అన్నాను.

“తీస్తే కేబుల్ అందదుగా.”

“నేను వస్తే అందుతుంది.”

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నడిచాను. “ఎక్కడికే, పొయ్యి మీద పాలున్నాయి” అంది అత్తయ్య. “కాస్త చూస్తుండండి అత్తయ్యా” అని గడప దాటాను.

బండిని గోడ నుంచి ఇవతలికి తీయించి, స్టూలు లాక్కుని కూర్చుని కేబుల్ నా చేత్తోనే గుచ్చాను. నర్సమ్మ బండెక్కి స్టార్ట్ చేసింది. హ్యాండిల్ కుడికి తిప్పితే మామూలే. ఎడమకి చివరిదాకా తిప్పగానే ఇంజన్ టక్కున ఆగింది. ఇంజన్ ఆపే స్విచ్ ఎవరో నొక్కినట్టు తెర మీద పడింది. ఆ స్విచ్ మీద ఎవరి వేలూ లేదు. ఆపమంటే ఆగడం బండి లెక్కలో తప్పు కాదు, అందుకే ఇన్నిసార్లూ తెర ఖాళీగా ఉంది.

“స్విచ్ నుంచి వచ్చే వైరు హ్యాండిల్ మెడ దగ్గర తెగి ఉంటుంది. ఎడమకి తిప్పినప్పుడు లాగి కొనలు విడిపోతున్నాయి, బండేమో స్విచ్ నొక్కారనుకుంటోంది” అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

మా ఆయన అలవాటుగా చెవి ఆనించబోయాడు. ఆగిపోయిన ఇంజన్ ఏం చెబుతుంది? టార్చి తీసుకుని వంగి, వైరు పైతొడుగు చీల్చి చూశాడు. “అవును” అన్నాడు. వైరు అతికించి టేపు చుడుతూ, ఆమె వైపు చూడకుండానే, “క్లచ్ మీరు బాగానే వదులుతున్నారు మేడమ్” అని గొణిగాడు. మా ఇంట్లో దాన్ని క్షమాపణ అంటారు.

“ఇన్నాళ్ళూ లోపల ఏం చేస్తున్నారక్కా?” అంది నర్సమ్మ.

“దుప్పట్లు మడతపెడుతున్నా.”

ఆమె పకపకా నవ్వి, ఇక అమ్మనని చెప్పి, షెడ్డు ముందే ఎడమకి ఓ పూర్తి చుట్టు తిరిగి వెళ్ళిపోయింది.

వెనకే కొరియర్ అతను బండి తోసుకుంటూ వచ్చాడు. లోపల నుంచి అత్తయ్య, “పాలు కాగాయి, టీ ఎవరు పెడతారు?” అని కేకేసింది. మా ఆయన నా వైపు చూశాడు. రోజూ ఆ చూపుకే నా కాళ్ళు వాటంతటవే లేస్తాయి.

“మీరు పెట్టండి. ఈ బండి నేను చూస్తా” అన్నాను.

పరాయి మనిషి ముందు మాట పెంచడం ఇష్టం లేక, చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. కాసేపటికి గిన్నెల చప్పుడు, ఆ వెంటనే, “టీ పొడి ఏ డబ్బాలో ఉంది?” అని కేక.

నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేదు. వెతుక్కుంటాడులే అని, స్టూలు కొత్త బండి పక్కకి జరుపుకున్నాను.